సైరన్ మోగని మధ్యాహ్నం

మేము కరాటే నేర్చుకున్నది ఒక పాత లాంప్ రూంలో. గనిలోకి దిగే కార్మికులకు తలదీపాలు ఇచ్చే గది అది. కొత్తది కట్టుకున్నాక దాన్ని ఖాళీగా వదిలేశారు. భూపాలపల్లిలో మా క్వార్టర్ల చివర, సర్కారు తుమ్మల మధ్య, రేకుల కప్పు కింద ఉండేది. గోడల పొడుగునా ఇనుప కొక్కేలు, ప్రతి కొక్కెం పైన తెల్లరంగుతో ఒక నంబరు. మా క్లాసు పిల్లలు వాటికి సంచులు తగిలించేవారు.

మా బాపు గనిలో సర్దార్. పదిమందిని వెంటబెట్టుకుని దిగడం, పని చూడడం, మళ్ళీ అందరినీ పైకి తేవడం సర్దార్ బాధ్యత. ఆయన నాకోసం వచ్చినప్పుడు ఎన్నడూ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. గుమ్మంలో నిలబడి ఆ కొక్కేల వంక చూసేవాడు.

"లాంపు మళ్ళ కొక్కానికి తగిలిందంటే మనిషి పైకొచ్చిండన్నట్టు," అని ఒకసారి చెప్పాడు. "కొక్కెం ఖాళీగ ఉన్నదంటే ఇంక కిందనే ఉన్నడు."

పిల్లలు సంచులు తీసుకుపోయాక ఆ గోడనిండా ఉన్నవి ఖాళీ కొక్కేలే. నేనా మాటను చెవిన పెట్టలేదు. పదిహేడేళ్ళ వయసు, నడుముకు బ్రౌన్ బెల్టు. ఆ రోజుల్లో నా కంటికి నా బెల్టు తప్ప ఇంకేదీ ఆనేది కాదు.

మా సార్‌ది జనగామ. ప్రతి శనివారం బస్సులో వచ్చి, ఆదివారం క్లాసు అయ్యాక వెళ్ళిపోయేవారు. ఆయన పెట్టిన అలవాటు ఒకటుంది. మధ్యాహ్నం పిల్లలందరినీ వరుసల్లో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి కళ్ళు మూయించేవారు. మొకుసో అంటారు దాన్ని. మనసును ఒకచోటికి తెచ్చుకోవడం. మిగతా ఊళ్ళలో అయితే కళ్ళు తెరవడానికి గురువు ఒక మాట చెప్తాడు. మా దగ్గర ఆ మాటే లేదు. రెండో షిఫ్టు సైరన్ మోగితే కళ్ళు తెరవాలి. అంతవరకు ఎవరు పిలిచినా, ఏం చప్పుడైనా, తేలు పాకినా తెరవకూడదు. ఐదు నిమిషాల ముందు కూర్చోబెడితే సైరనే లేపేది. గని ఊరికి అంతకన్నా మంచి గడియారం ఏముంటుందని సార్ నవ్వేవారు.

సీనియర్లం ఇద్దరమే. నేను, ఘనపూర్ దగ్గర తండా నుంచి వచ్చే ఒక అన్న. నాకన్నా ఏడాది పెద్ద. ఇంట్లో వాళ్ళ భాష, మాతో తెలుగు, క్లాసులో జపాను అంకెలు. మూడింటిలోనూ తక్కువే మాట్లాడేవాడు. నేను సీనియర్‌గా నిలబడ్డానంటే చేతిలో బద్ద ఉండాలి, గొంతు రేకులకు తగలాలి. అతను మాత్రం పిల్లలకు ఏ పని చెబితే ఆ పని తనూ చేసేవాడు. వాళ్ళు గుంజీలు తీస్తే తనూ తీసేవాడు, కళ్ళు మూస్తే ఆఖరి వరుస చివర కూర్చుని తనూ మూసేవాడు. పెద్దవాడై ఉండి పిల్లల్లో కలిసిపోతాడేంటని నాకు చిరాకు. అసలు సంగతి చిరాకు కాదు, కుళ్ళు. పిల్లలు నన్ను చూసి భయపడేవారు, అతన్ని చూసి బుద్ధిగా ఉండేవారు. ఈ రెండూ ఒకటి కావని నాకూ తెలుసు.

ఆ ఏడాది బ్లాక్ బెల్టు పరీక్షకు ఇద్దరిలో ఒక్కరినే పంపుతానన్నారు సార్. ఎవరినో తర్వాత చెప్తానన్నారు. అంతలో తెలంగాణ కోసం సమ్మె వచ్చింది.

బస్సులు నిలిచిపోయాయి. బడులు మూతపడ్డాయి. గనులు ఆగాయి. సార్ ఫోన్ చేసి, "నేను వచ్చేదాకా రోజూ క్లాసు నడవాలి. ఒక్క పిల్ల కూడా జారిపోవద్దు. మీ ఇద్దరిలో ఎవరేందో నాకు అప్పుడే ఎరుకయితది," అన్నారు. అంటే అదే మా పరీక్ష. నాకు నిద్ర పట్టలేదు. ఇరవైముగ్గురు పిల్లల్నీ ఏ లోటూ రాకుండా సార్‌కు అప్పజెప్పాలి, ఆ బెల్టు నాకే రావాలి. ఈ రెండే నా మనసులో తిరిగేవి.

గని ఆగితే ఊరు ఎట్లా ఉంటుందో చెబితే నమ్మరు. పుట్టినప్పటి నుంచి విన్న సైరన్ లేదు. బాపు మాత్రం దాని వేళకే లేచి, మంచం మీద కూర్చుని, పాదాలు నేల మీద పెట్టి అట్లాగే ఉండేవాడు. సైరన్‌తోపాటు మోరెత్తి ఏడ్చే వీధికుక్కలు, సైరన్ లేకపోయినా సరిగ్గా అదే వేళకు ఏడ్చేవి. ఏం వింటున్నాయో తెలియదు. మధ్యాహ్నం కరెంటు పోయేది. కన్వేయర్ల రొద లేక, తుమ్మకాయలు రేకుల మీద రాలే చప్పుడు కూడా వినపడేది. నాకు భయంగా ఉండేదని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సైరన్ లేదు కాబట్టి నేనొక కొత్త పద్ధతి పెట్టాను. "నేను చప్పట్లు కొట్టేదాక ఎవ్వరు కండ్లు తెరువద్దు," అని పిల్లలకు చెప్పాను. మనసులో మూడు వందలు లెక్కపెట్టి చప్పట్లు కొట్టేదాన్ని. తండా అన్న దొరికిన సైకిలో ట్రాక్టరో పట్టుకుని రెండు రోజులకోసారి వచ్చేవాడు. రాని రోజు మొత్తం నాదే రాజ్యం.

ఆ రోజు అతను రాలేదు. పిల్లల్ని కూర్చోబెట్టి కళ్ళు మూయించాను. గుమ్మంలో ఎండ పడుతోంది. నూరు దాకా లెక్కపెట్టానేమో, రోడ్డు వైపు నుంచి డప్పులు వినిపించాయి. ఏందో చూసి వద్దామని నాలుగు అడుగులు వేశాను. మూడు వందలు అయ్యేలోపు రావచ్చు కదా అనుకున్నాను.

రోడ్డు మీద వంటలు పెట్టారు. టైర్లు అడ్డం వేశారు. ఆడవాళ్ళు నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి తిరుగుతున్నారు. మా క్వార్టర్ల అమ్మలక్కలు నా తెల్లబట్టలు చూసి, "ఇగో కరాటే పిల్ల, రావే, నువ్వు సుత ఆడు," అని చెయ్యి పట్టి గుంజారు. ఒక్క చుట్టు అనుకున్నాను. వంగి, లేచి, చప్పట్లు కొట్టి, ఒక అడుగు పక్కకు. పాట అందుకునే గొంతులు వందల్లో ఉన్నాయి. వలయంలో పడిన కాలు దానంతటదే కదులుతుంది. అంత సంతోషం నాకు మళ్ళీ రాలేదు. అంత పాడు సంతోషం కూడా మళ్ళీ రాలేదు. ఎవరో ఆకులో అన్నం పెట్టారు, తిన్నాను. మళ్ళీ ఆడాను. చేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

ఒక ముసలమ్మ నన్ను ఆపి, "పిల్లలకు ఇయ్యాల కరాటే తాలీం లేదానే?" అని అడిగింది.

అప్పుడు తలెత్తి చూశాను. నీడలు రోడ్డు దాటి అవతలి ఇళ్ళ గోడలెక్కాయి. గంటన్నర దాటిపోయింది. పరుగెత్తాను. పిల్లలు ఎప్పుడో లేచి ఇళ్ళకు పోయి ఉంటారు, తల్లులు నా మీదికి వస్తారు, సార్‌కు తెలుస్తుంది. దారి పొడుగునా ఇవే ఆలోచనలు.

లాంప్ రూం దగ్గర చడీచప్పుడు లేదు. గుమ్మంలో ఎండ లేదు. లోపలికి తొంగిచూశాను.

ఇరవైముగ్గురూ ఉన్నారు. నేను వదిలిపెట్టిన వరుసల్లోనే, మోకాళ్ళ మీద, కళ్ళు మూసుకుని. పడమటి కిటికీలోంచి వాలుటెండ ముఖాల మీద పడుతోంది. ఈగలు వాలుతున్నాయి, ఒక్కరూ తోలుకోవడం లేదు. పైన గోడకు నంబర్లు, కింద పిల్లలు. ఊపిరి తీస్తున్నారో లేదో కూడా తెలియలేదు. పిల్లలు ఎక్కడైనా గంటన్నర కదలకుండా కూర్చుంటారా? ఒకరు వంగిపోలేదు, ఒకరు పక్కవాడి మీద వాలలేదు. ఇరవైమూడు నడుములు నిటారుగా ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టడానికి కాళ్ళు రాలేదు.

గుమ్మంలోంచే చప్పట్లు కొట్టాను. మొదటి చప్పట్లకు ఎవరూ కదలలేదు. మళ్ళీ కొట్టి, "లేవుండ్రి," అన్నాను. అప్పుడు కళ్ళు తెరిచారు. మొదట నన్ను చూసి, తర్వాత వెనక్కి తిరిగి చూశారు. అందరూ.

"ఎందుకు లేవలే? గింత సేపా?" అన్నాను.

"బయట చప్పట్లే చప్పట్లు అక్కా," అంది ముందు వరుసలో పిల్ల. "అండ్ల ఏవి నీవో ఎరుక కాలే."

"మరి నేను లేనని లేవొద్దా?"

"ఉన్నవు గదక్కా," అన్నాడు ఇంకొకడు. "ఎనుక నుంచి నడుస్తనే ఉన్నవు గద. మేం వంగితే నడుం సక్కగ చేస్తివి."

ఆఖరి వరుసలో చిన్నపిల్ల ఒకతి, ఆరేడేళ్ళది, వీపు తడుముకుంటూ, "నీ చెయ్యి గరుకుగ ఉన్నదక్కా," అంది.

నేను నా చేతులు చూసుకున్నాను. బతుకమ్మ ఆడి ఎర్రగా కందాయి తప్ప, గరుకు లేదు. అప్పుడు నేను లేనని ఒక్క మాట చెబితే అయిపోయేది. "తాలీం చేస్తే చేతులు గట్లనే అయితయి," అన్నాను.

ఆ పిల్ల కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయింది. గౌను తడిపేసుకుంది. ఎత్తుకుని ఇంటికి తీసుకుపోతుంటే నా మెడ చుట్టూ చేతులు వేసి నిద్రపోయింది. నాకు ఏడుపు వచ్చింది. వాళ్ళమ్మ మాత్రం, "మంచిగ నేర్పుతున్నవు బిడ్డా," అంది.

వెనక్కి వచ్చి నేలంతా వెదికాను. బొగ్గుదుమ్ములో పిల్లల అడుగులు ఎన్నో ఉన్నాయి. వాటిలో పరాయివి ఏవో ఎట్లా చెప్పగలను? తండా అన్న వచ్చి ఉంటాడని తేల్చుకున్నాను. పత్తి చేలల్లో పనిచేసే చేతులు, గరుకుగానే ఉంటాయి. నేను లేనని చూసి, నన్ను బయటపెట్టకుండా, పిల్లల్ని కాచి, నేను వచ్చే అలికిడికి తప్పుకుని ఉంటాడు. అంత మంచితనం అతనిదే అయి ఉంటుంది. ఆ మంచితనం మీద నాకు కోపం వచ్చింది.

బాపుకు ఒక్కడికే చెప్పాను, అన్నం తినేటప్పుడు.

"ఎంతమందిని దించినవ్?" అన్నాడు.

"ఇరవైముగ్గురు."

"అందరు పైకొచ్చిన్రా?"

"వచ్చిన్రు."

"నువ్వు ఏడున్నవ్?"

"బయట," అన్నాను.

ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "దించినోడే ఎక్కియ్యాలె బిడ్డా," అన్నాడు. పిల్లలు విన్న అడుగుల సంగతి, గరుకు చేతి సంగతి కూడా చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను. "మరి, ఎవలో ఒకలు ఉండాలె గద," అని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. ఎవరని అడగలేదు. మరునాడు లాంప్ రూం దాకా వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపల ఖాళీ కొక్కేల గోడకు దండం పెట్టుకుని పోయాడు.

సమ్మె ముగిసి సార్ వచ్చేసరికి ఆ కథ క్వార్టర్లన్నీ తిరిగింది. మధ్యాహ్నమంతా పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టి, తను కూర్చోకుండా వెనక నడిచిన అక్క. సార్ నా భుజం తట్టారు. తండా అన్న ఒక మూల నిలబడి ఉన్నాడు. అతని వంక చూడలేకపోయాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు ఆ మాట ఎత్తినా నేను చేతులు వెనక్కి దాచుకునేదాన్ని. మింగలేక కక్కలేక, చివరికి మింగేశాను. జనగామలో పరీక్షకు నేనే పోయాను. పాసయ్యాను. ఆ సర్టిఫికెట్టు చూసే తర్వాత మహబూబాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఆత్మరక్షణ నేర్పే పని ఇచ్చారు. అన్నం పెట్టింది అదే.

హాస్టల్లో నేను తన్నడం నేర్పాను, పడడం నేర్పాను, అరవడం నేర్పాను. కళ్ళు మూయించడం మాత్రం ఎన్నడూ చేయలేదు. బ్లాక్ బెల్టు ట్రంకుపెట్టె అడుగునే ఉండేది. ఎందుకు కట్టుకోవని పిల్లలు అడిగితే, పాతబడిపోతుందని చెప్పేదాన్ని. అబద్ధం ఒకటి ఆడితే దాని పిల్లలన్నిటినీ సాకాలి.

తెలంగాణ ఇస్తున్నామని చెప్పిన తర్వాత, ఊళ్ళన్నీ రంగులు చల్లుకుంటున్న రోజుల్లో, ఇక ఉండబట్టలేకపోయింది. బెల్టు సంచిలో పెట్టుకుని ఘనపూర్ బస్సెక్కాను. తండా అన్న అక్కడే తమ పిల్లలకు కరాటే నేర్పుతున్నాడని విన్నాను. పత్తి నిలవచేసే రేకుల షెడ్డు అది. నేను పోయేసరికి మధ్యాహ్నం. పదిహేనుమంది పిల్లలు వరుసల్లో కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆఖరి వరుస చివర అతను, అదే పాత పద్ధతిలో. అలికిడికి కళ్ళు తెరిచి, నన్ను చూసి, లేచి బయటికి వచ్చాడు.

"ఏంది చెల్లె, గిట్ల వచ్చినవ్?" అన్నాడు.

బెల్టు తీసి చేతిలో పెట్టాను. "గిది నీది అన్నా. ఆ రోజు లాంప్ రూంల పిల్లల్ని కాసింది నువ్వు. నేను రోడ్డు మీద బతుకమ్మ ఆడుకుంట మర్చిపోయిన. నువ్వు ఎవ్వలకు చెప్పలే."

అతను బెల్టు వంక చూశాడు.

"ఏ రోజు?" అన్నాడు. పిల్లలు చెప్పిన కథ గుర్తుచేశాను.

"ఆ రోజు నేను రాలే," అన్నాడు. "మా తండా మొత్తం రోడ్డు మీదనే కూసున్నది పొద్దుమూకేదాక. మా నాయిన, నేను అక్కడనే ఉన్నం. నడిచింది నువ్వే అనుకున్న చెల్లె. గంటన్నర కూసోకుంట నడిచిందంటే బెల్టు గామెకే ఇయ్యాలె అని సార్‌కు నేనే చెప్పిన. సార్ నన్నే పంపాలె అనుకున్నడు అప్పటికి."

అన్నాళ్ళూ నేను మోసింది అతని మేలనుకున్నాను. అతని చోటునే మోశానని ఆ షెడ్డు బయట, ఎండలో నిలబడి తెలుసుకున్నాను. బెల్టు తిరిగి నా చేతిలో పెట్టాడు. కోపం లేదు ముఖంలో. కోపం ఉన్నా బాగుండేది. ఏదో లెక్క కుదరనట్టు కనుబొమలు ముడిపడ్డాయి.

"మరి పిల్లల కాడ ఎవలున్నరు?" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యాక ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఇద్దరమూ బయటే ఉన్నాం. ఇద్దరమూ ఒకేసారి వెనక్కి తిరిగాం.

షెడ్డులో పిల్లలు అట్లాగే ఉన్నారు, కళ్ళు మూసుకుని. ఆఖరి వరుసలో ఒక చిన్నపిల్ల అలిసిపోయి ముందుకు వంగి ఉంది. మేము చూస్తుండగానే ఆమె నడుము, ఎవరో నెమ్మదిగా పట్టి ఎత్తినట్టు, నిటారుగా అయింది.

చేతిలో బెల్టు కింద పడేసి చప్పట్లు కొట్టాను. అతనూ కొట్టాడు. పిల్లలు కళ్ళు తెరిచి, మమ్మల్ని చూసి, వెనక్కి తిరిగారు. మేమిద్దరం లోపలికి పోయి, ఒక్కొక్క తల మీద చెయ్యి పెట్టి, పదిహేనుమందినీ లెక్కపెట్టుకున్నాం.